మాస్టారి కర్ణుడు

మా మనవరాలు మూడు రోజులనుంచి ఎదురింటి పిల్లతో మాట్లాడడం లేదు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. ఒకరి జడ ఒకరు వేసుకుంటూ పెరిగినవాళ్ళు. తగాదా మార్కులమీదా కాదు, మాట తప్పినందుకూ కాదు. రాత్రిపూట వచ్చే ఒక టీవీ సీరియల్లో కథానాయికను మొగుడు ఇంట్లోంచి గెంటేశాడట. గెంటినవాడే ఇప్పుడు వచ్చి బతిమాలుతున్నాడట. ఆవిడ మళ్ళీ కాపురానికి వెళ్ళాలా, అక్కర్లేదా? ఇదీ సమస్య. మా పిల్ల వెళ్ళకూడదంది. ఆ పిల్ల వెళ్ళాలంది. మా పిల్ల "నీకు పౌరుషం లేదు" అంది. ఆ పిల్ల "నీకు జాలి లేదు" అంది. అక్కడితో స్నేహం ఆగిపోయింది. సీరియల్ మాత్రం ఆగలేదు. ఆ కథానాయిక ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి వుంది. నాకు తెలిసినంతలో మరో ఆరు నెలలదాకా అక్కడే నిలబడుతుంది.

"తాతయ్యా, నువ్వు చెప్పు. ఎవరిది రైటు?" అని నా దగ్గరికి వచ్చింది మనవరాలు.

న్యాయం చెప్పమంటే సంతోషించని ముసలివాడు వుంటాడా? నేను గొంతు సవరించుకున్నాను. ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయన్నా అడుగుతున్నావు? ముందు మాస్టారి కుర్చీ సంగతి చెప్పమను" అంది.

నా గొంతు మళ్ళీ పూడుకుపోయింది.

ఆ కుర్చీ సంగతే మీకూ చెబుతున్నాను. చెప్పడంవల్ల నా పరువేమీ పెరగదు. కాని ఈ వయస్సులో పెరగవలసిన పరువు కూడా పెద్దగా లేదు గనక నష్టం లేదు.

1988 నాటి మాట. అప్పుడు మేము తెనాలిలో వుండేవాళ్ళం. ఒకే లోగిట్లో రెండు వాటాలు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో మాస్టారు. నూయి ఒకటే, నూతి పళ్ళెం ఒకటే, కరివేపాకు చెట్టు ఒకటే. మాస్టారు హైస్కూల్లో హిందీ పండితులు. దక్షిణ భారత హిందీ ప్రచార సభవారి పరీక్షలన్నీ వరసగా ప్యాసై, ఆ పట్టాలను పటం కట్టించి గోడకు తగిలించుకున్న మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద. భార్య పోయింది. కొడుకు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. సాయంత్రాలు అరుగుమీద కూచుని తిక్కన చదివేవారు. హిందీ మాస్టారికి తిక్కనేమిటండీ అంటే, "హిందీ కూటికోసం, తిక్కన కునుకుకోసం" అనేవారు.

ఆ రెండు వాటాలకూ కలిపి టీవీ మా ఇంట్లోనే వుండేది. ఆఫీసులో అప్పు పెట్టి కొన్న నలుపు తెలుపు పెట్టె. మేడమీద యాంటెనా. దానిమీద కాకి వాలిందంటే తెరమీద ఒక్కడు ఇద్దరయ్యేవాడు. 1987 జనవరినుంచి ఏడాదిన్నరపాటు ఆదివారం పొద్దున్న రామానంద్ సాగర్ రామాయణం వచ్చినప్పుడు మా అమ్మ స్నానం చేసి, పెట్టె ముందు అగరొత్తులు వెలిగించి, చేతులు జోడించుకుని చూసేది. 1988 అక్టోబరు 2న బి.ఆర్. చోప్రా మహాభారతం మొదలైంది. మొదటి ఆదివారం అగరొత్తుల పొట్లం పక్కన పెట్టుకుని కూడా ఆవిడ వెలిగించలేదు. ఎందుకమ్మా అంటే, "రామాయణమంటే ఎవరికి దణ్ణం పెట్టాలో తెలుసు. ఇందులో మంచివాళ్ళెవరో తేలాక వెలిగిస్తాను" అంది.

94 భాగాలు అయిపోయాయి. ఆ పొట్లం అలాగే వుండిపోయింది.

ఆదివారం వచ్చిందంటే మా ముందుగది జాతరగా వుండేది. చాపలమీద పిల్లలు, గోడవారన ఆడవాళ్ళు, గుమ్మం దగ్గర పీటమీద మా అమ్మ. తలుపు చాటున మా అక్కయ్య. మాస్టారు మాత్రం తన వాటాలోంచి తన పేము కుర్చీ తనే మోసుకొచ్చి, కిటికీ పక్కన వేసుకుని కూచునేవారు. ఒకరింటికి వచ్చి ఒకరి కుర్చీ ఆక్రమించడం ఆయనకు ఇష్టం లేదు. ఆయన రానిదే మాకు మహాభారతం లేదు. ఎందుకంటే అది హిందీ. అందులోనూ సంస్కృతం పాలు ఎక్కువైన హిందీ. మా అందరికీ తెలుగు చేసి చెప్పే సంజయుడు మాస్టారే.

ఆ సంజయుడు ఒక విషయంలో మాత్రం పక్షపాతి. ధర్మరాజు నాలుగు వాక్యాలు మాట్లాడితే మాస్టారు "సరేనంటున్నాడు" అని తేల్చేసేవారు. కర్ణుడు రెండు ముక్కలంటే చాలు, అయిదు వాక్యాలు తెలుగు వచ్చేది, మధ్యలో తిక్కనగారి పలుకుబడితో సహా. ఒకసారి నేను, "మాస్టారూ, అంతసేపు అతను పెదవి కదపలేదండీ" అన్నాను. "మనసులో అనుకున్నాడోయ్, అదీ చెబుతున్నాను" అన్నారు. గది గదంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

అభిప్రాయ భేదాలకు మా గదిలో కరువు లేదు. కృష్ణుడి సంగతే తీసుకోండి. తెనాలి అంటే నాటకాల గడ్డ. మా అమ్మ చిన్నప్పటినుంచీ తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు తెల్లవార్లూ చూసిన మనిషి. ఈలపాట రఘురామయ్యగారి కృష్ణుణ్ణి కళ్ళారా చూసింది. నితీశ్ భరద్వాజ్‌ను చూసి, "కుర్రాడు బాగానే వున్నాడు గాని, ఇన్ని వారాలనుంచి చూస్తున్నాను, ఒక్క పద్యమైనా పాడడే!" అని నొచ్చుకుంది. నాకేమో కృష్ణుడంటే ఎన్.టి. రామారావే. మాయాబజార్ చూసిన కళ్ళకు మరొకరు ఆనతారా? మా పిల్లలకు మాత్రం నితీశ్ భరద్వాజే అసలు కృష్ణుడు, తక్కినవాళ్ళు వేషగాళ్ళు. ఆ కుర్రాడు పశువైద్యం చదువుకున్నాడని పేపర్లో చదివి చెప్పాను. అప్పుడు మా అమ్మ కొంచెం మెత్తబడి, "అయితే గోవులకు తగినవాడే" అంది.

వీటివల్ల ఎవరికీ మనస్సు కష్టపడలేదు. అంతకు పదకొండేళ్ళ కిందట, 1977 సంక్రాంతికి దానవీరశూరకర్ణ, కురుక్షేత్రం ఒకేసారి విడుదలైతే వూళ్ళో కుర్రకారు రెండు పక్షాలై గోడలమీద బొమ్మలు చించుకున్నారు. మేము వాళ్ళను చూసి నవ్వుకున్నవాళ్ళం. పెద్దవాళ్ళం, చదువుకున్నవాళ్ళం, మనకీ పిచ్చి రాదని నా ధీమా.

వచ్చింది. కర్ణుడి మూలంగా వచ్చింది.

నాకు కర్ణుడంటే గిట్టదు. పంకజ్ ధీర్ ఆ వేషం ఎంత బాగా వేశాడో నేనూ ఒప్పుకుంటాను. కాని సభలోకి ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు, కులస్త్రీ కాదని తూలనాడిన నోరు ఎవరిది? వ్యాసుడే చెప్పాడు, కర్ణుడిదని. బట్టలు వొలవమని దుశ్శాసనుణ్ణి ఉసికొల్పిందీ అతనే. కవచకుండలాలు కోసి ఇచ్చినంత మాత్రాన ఆ మాటలు కడుక్కుపోతాయా? దానం చేసే చెయ్యి వేరు, నోరు వేరూనా? ఇదీ నా వాదం.

మాస్టారిది మరో వాదం. పుట్టిననాడే పెట్టెలో పెట్టి ఏట్లో వదిలేసినవాణ్ణి లోకం సూతపుత్రుడని హేళన చేసింది. అస్త్రవిద్యా ప్రదర్శన నాడు నిండుసభలో కులం అడిగితే తల వంచుకున్నవాడు. ఆ పూట చెయ్యి పట్టుకుని అంగరాజ్యమిచ్చినవాడు దుర్యోధనుడొక్కడే. వాడికోసం చెడ్డా చేశాడు, చచ్చాడూ. "తప్పు చెయ్యలేదని ఎవరన్నారోయ్? ఆ తప్పుకు ముందు ఏం జరిగిందో చూడమంటున్నాను" అనేవారు.

ఏడాదిపైన ఈ వాదం అరుగుమీద హాయిగా సాగింది. ఉప్మాలో జీడిపప్పులాగా అదీ ఆదివారంలో ఒక భాగం.

1990 మొదట్లో, యుద్ధానికి ముందు, కుంతి కర్ణుణ్ణి కలుసుకునే ఘట్టం వచ్చింది. నువ్వు నా కొడుకువి, తమ్ముళ్ళ దగ్గరికి వచ్చెయ్యమని తల్లి అడుగుతుంది. అర్జునుడు తప్ప తక్కిన నలుగురినీ చంపను, నీకు ఎప్పుడూ అయిదుగురు కొడుకులే మిగులుతారని కర్ణుడు మాట ఇస్తాడు. కథ అందరికీ తెలిసిందే. అయినా గదిలో సూది పడితే వినిపించేటట్టుంది. విచిత్రమేమంటే మాస్టారు తెలుగు చెప్పడం లేదు.

"ఏమంటున్నాడు మాస్టారూ?" అంది మా అమ్మ.

మాస్టారు పలకలేదు. తెరకేసి చూస్తున్నారు.

నాకు వచ్చీరాని హిందీ. అయినా సందు దొరికింది గదా అని ఆ పూట సంజయ పదవి నేను అందుకున్నాను. మాస్టారు ఏడాదిగా కర్ణుడివైపు తూచిన తక్కెడను ఆ ఒక్క పూటలో కుంతివైపు దించెయ్యాలని నా పట్టుదల. "పాపం, ఆ తల్లి ఏం చేస్తుంది? పెళ్ళికాని పిల్ల. లోకానికి భయపడింది. ఇన్నాళ్ళూ లోపల్లోపల కుమిలిపోయింది" అంటూ లేని మాటలు కూడా కలిపాను.

"తల్లేమిటి తల్లి?" అన్నారు మాస్టారు, ఎప్పుడూ లేని గొంతుతో. "వదిలేసిననాడు గుర్తులేదు. అవసరం పడిననాడు గుర్తొచ్చింది."

భాగం అయిపోయింది. ఎవరూ లేవలేదు. నేను ఆగితే సరిపోయేది. ఆగలేదు. వాదంలో ఆయన నోరు మూతపడితే చూడాలని వుంది నాకు. పదిహేనుమంది ముందర, ఆయన క్లాసులో చదువుకునే పిల్లలు నలుగురు చాపమీద కూచుని వుండగా, ఇలా అన్నాను:

"నిండుసభలో ఆడదాన్ని ఆ మాటలన్నవాణ్ణి వెనకేసుకొస్తారే! ఇటువంటి మనిషా మా పిల్లలకు పాఠాలు చెప్పేది?"

మాస్టారు నాకేసి చూశారు. కోపంగా చూసినా బాగుండేది. లేచారు. భుజంమీది తువ్వాలు సర్దుకున్నారు. పేము కుర్చీ ఎత్తుకుని, గుమ్మంలో కుర్చీకాలు తగలకుండా పక్కకు వొంచి, వెళ్ళిపోయారు.

ఆ రాత్రి మా అమ్మ నాకు అన్నం వడ్డిస్తూ అంది, "ఆయన దత్తుడు కదురా."

మెతుకు గొంతుకు అడ్డం పడింది. నాకు తెలియని సంగతి కాదు. మాస్టారికి మూడేళ్ళప్పుడు బిడ్డలు లేని పెత్తల్లికి దత్తత ఇచ్చారు. కన్నతల్లి కాలవ అవతల వూళ్ళోనే వుండేది, తక్కిన నలుగురు కొడుకులతో. పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఈయన్ని మీరు అని పిలిచేదిట. అంతకు ముందు ఏడాది ఆవిడ పోతే, మాస్టారికి తోడుగా నేనే వెళ్ళాను. దత్తుడు గనక మూడు రోజుల మైలే. కర్మ చేసే హక్కు తమ్ముడిది. మాస్టారు కాలవగట్టుమీద నాపక్కన నిలబడి, అవతల తమ్ముడు చేస్తున్న పిండప్రదానం చుట్టాన్ని చూసినట్టు చూశారు. దారిలో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇదంతా నేను కళ్ళారా చూసినవాణ్ణి. అయినా అరుగుమీద ఆయన కర్ణుడి గురించి మాట్లాడినంతకాలం, ఈ రెండింటికీ లంకె వుంటుందని నాకు తోచలేదు.

"ఆ సంగతి ఎత్తితే ఆయనకు పదిమందిలో ఎల్లా వుంటుంది?" అంది అమ్మ. తరవాత గొంతు తగ్గించి, "అయినా నిన్ను మాత్రం ఏమని అనను? నీకు కర్ణుడెందుకు గిట్టడో నాకు తెలియదా? ఆయన బాధ అమ్మ, నీ బాధ అక్క" అంది.

ఇదీ నిజమే. మా అక్కయ్య పెళ్ళయిన నాలుగో ఏట పుట్టింటికి తిరిగి వచ్చేసింది. అత్తవారింట పదిమంది కూచున్న చోట, మరిది అనరాని మాట అంటే, మొగుడు తల దించుకుని కూచున్నాడు. వెళ్ళి తీసుకొచ్చినవాణ్ణి నేను. అప్పటికి నాకు ఇరవైరెండేళ్ళు. టీవీలో ద్రౌపదీ వస్త్రాపహరణం వచ్చిన ఆదివారం మా అక్కయ్య తలుపు చాటునుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కర్ణుడు మాట్లాడిన ప్రతిసారీ నాకు వినిపించింది ఆ మరిది గొంతే.

అంటే ఏడాదిపాటు మేమిద్దరం మహాభారతం గురించి వాదించుకోనే లేదన్నమాట. ఆయన తన తల్లితో వాదిస్తున్నారు, నేను మా అక్కయ్య మరిదితో వాదిస్తున్నాను. మధ్యన కర్ణుడు నలిగిపోయాడు.

ఇంత తెలిసీ వెంటనే వెళ్ళి క్షమించమన్నానా? లేదు. తెలియడం వేరు, లేచి నాలుగడుగులు వెయ్యడం వేరు. మా వాటాకూ ఆయన వాటాకూ మధ్య దూరం ఎనిమిది గజాలు. మామిడి పూత నాటి తగాదా ఆవకాయ నాటికి గాని తీరలేదు.

ఈలోగా కురుక్షేత్రం మొదలైంది. మా ఇంట్లో దుభాషీ లేడు. నా తెలుగు మా అమ్మకు ఆనలేదు. "భీష్ముడు అంతసేపు మాట్లాడితే నువ్వు 'యుద్ధం చెయ్యమంటున్నాడు' అంటావేమిరా?" అని విసుక్కునేది. కిటికీ పక్కన కుర్చీ వుండే జాగాలో ఎవరూ కూచునేవారు కాదు. పిల్లలు కూడా ఆ జాగా వదిలి చాప పరిచేవారు. ఎవరు చెప్పారో తెలియదు.

కర్ణుడు పడిపోయే ఆదివారం నాకు బాగా జ్ఞాపకం. నేలలో రథచక్రం కుంగిపోయింది. శంఖాలు, కేకలు. ఎందుకో కిటికీలోంచి బయటికి చూశాను. మాస్టారు నూతి దగ్గర వున్నారు. బాల్చీ నూతిలోకి దించి, తాడు చేత్తో పట్టుకుని, అలాగే నిలబడిపోయారు. తోడడం లేదు. మా గోడలోంచి వినిపించే హిందీ వింటున్నారు. భాష తెలిసిన మనిషి బయట, కళ్ళప్పగించిన మేమంతా లోపల.

"మాస్టారూ, రండి" అని ఒక్క మాటంటే వచ్చేవారేమో. నోటిదాకా వచ్చింది. పిలవలేదు. అప్పట్లో ఒకసారి పోయిన భాగం పోయినట్టే. మళ్ళీ చూసే సాధనం మా వంటి ఇళ్ళలో లేదు. ఏడాదిన్నర ఎదురుచూసిన ఘట్టాన్ని ఆయనకు లేకుండా చేసింది నా నోరు. ఆ ఒక్క నిమిషం ఇప్పటికీ అప్పుడప్పుడు నా నిద్ర చెడగొడుతూనే వుంటుంది.

1990 జూన్ 24న మహాభారతం అయిపోయింది. తరవాతి ఆదివారం మా ముందుగది బోసిపోయింది. మా అమ్మ కొత్తావకాయ జాడీలోంచి ఒక గిన్నెడు తీసి, నా చేతిలో పెట్టి, "పో" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

మాస్టారు వీధి గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. గిన్నె బల్లమీద పెట్టాను. "మాస్టారూ, ఆ రోజు మీ పాఠాల గురించి నేనన్న మాట తప్పు. పిల్లల ముందర అనడం ఇంకా తప్పు" అన్నాను.

ఆయన ఎర్రసిరా కలం మూత పెట్టారు. "కర్ణుడు మంచివాడని ఒప్పుకుంటావా మరి?"

కొంచెంసేపు ఆలోచించాను. "ఒప్పుకోలేనండీ" అన్నాను.

మాస్టారు నవ్వారు. "ఒప్పుకుని వుంటే నీ క్షమాపణ నమ్మేవాణ్ణి కాదోయ్. నన్ను ఊరుకోబెట్టడానికి వచ్చావనుకునేవాణ్ణి. కూచో, అన్నం తిందాం" అన్నారు.

ఆ పూట ఆవకాయ అన్నం తింటూ ఆయన ఒక నిబంధన పెట్టారు. "మళ్ళీ వాదించుకుందాం. కాని ముందు నా కర్ణుణ్ణి నువ్వు నాకు చెప్పు, నేను సరే అనేటట్టుగా. ఆ తరవాత ఎంతైనా తిట్టు. నీ ద్రౌపదిని నేను నీకు చెబుతాను. నువ్వు సరే అనకపోతే నాకు వాదించే హక్కు లేదు."

వినడానికి తేలికగానే వుంది. చెయ్యబోతే నాకు మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి సాయంత్రం నేను కర్ణుడి పక్షం చెబుతూనే మధ్యలో వెటకారం చేస్తున్నానని ఆయన పట్టుకున్నారు. రెండో సాయంత్రం తిక్కన తీసి ఉద్యోగపర్వం చదవమన్నారు. మూడో సాయంత్రం, కన్నతల్లి వచ్చి కొడుకా అని పిలిచిన నాడు, ఆ పిలుపుకోసం జీవితమంతా ఎదురుచూసినవాడు, అది తనకోసం కాదు, తమ్ముళ్ళ ప్రాణాలకోసం అని తెలుసుకుని కూడా వట్టి చేతులతో పంపలేదని చెప్పాను. మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. "సరే" అన్నారు. మర్నాడు ఆయన ద్రౌపది పక్షం చెప్పారు. అది వినడానికి మా అక్కయ్య తలుపు చాటునుంచి వచ్చి అరుగుమీద కూచుంది. అదే మొదటిసారి.

ఆ తరవాత నా అభిప్రాయం మారిందా? మారలేదు. ఆయనదీ మారలేదు. కాని అంతకు ముందు ఆయన అభిప్రాయం నాకు ఒక తప్పుగా కనిపించేది. ఆ తరవాత ఒక మనిషిగా కనిపించింది. తప్పును దిద్దాలనిపిస్తుంది. మనిషికి కుర్చీ వెయ్యాలనిపిస్తుంది.

ఆ మాటకొస్తే ఆ సీరియల్ పుట్టుకలోనే ఇటువంటి గొడవ ఒకటి వుంది. దానికి సంభాషణలు రాసినాయన రాహీ మాసూమ్ రజా. ఆధా గావ్ అనే హిందీ నవల రాసిన పెద్ద రచయిత. ముస్లిం మహాభారతం రాయడమేమిటని కొందరు అభ్యంతరం చెబుతూ ఉత్తరాలు రాశారట. మొదట ఒప్పుకోని ఆయన, ఆ ఉత్తరాలు చూశాక, నేనూ గంగ ఒడ్డున పుట్టినవాణ్ణే, నేనే రాస్తానని పట్టుపట్టాడట. కాలాన్నే కథకుడుగా పెట్టి కథ నడిపించారు. ఆ సంభాషణలు మా అమ్మలాంటివాళ్ళు, ఒక్క ముక్క హిందీ రాకపోయినా, చేతులు కట్టుకుని విన్నారు. ఉత్తరాలు రాసినవాళ్ళూ ఆదివారం పొద్దున్న పెట్టె ముందు కూచునే వుంటారు.

కాలం గడిచింది. మాస్టారు రిటైరై కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయారు. వెళ్ళేనాడు ఆ పేము కుర్చీ మాకు వదిలేశారు. మా అమ్మ పోయింది, అక్కయ్య పోయింది. మేమూ తెనాలి విడిచిపెట్టాం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కాలు బయట పెట్టే వీలు లేదు. మార్చి 28నుంచి దూరదర్శన్ వాళ్ళు పాత రామాయణం, పాత మహాభారతం మళ్ళీ వెయ్యడం మొదలుపెట్టారు. మహాభారతం డీడీ భారతిలో రోజుకు రెండు భాగాలు. ఆ సాయంత్రమే ఫోన్ మోగింది.

"ఏమోయ్, చూస్తున్నావా?"

అప్పటికి మాస్టారికి ఎనభై నాలుగేళ్ళు. చెవులు బాగానే వున్నాయి. చూపు దాదాపు పోయింది. టీవీ ముందు కూచుంటే వెలుగూ నీడా తప్ప మరేమీ తెలియదు. నాకేమో చూపుంది, హిందీ మళ్ళీ మొదటికొచ్చింది. అంచేత రాత్రి భాగం వచ్చేటప్పుడు ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని కూచునేవాళ్ళం. ఆయన నాకు మాట చెప్పేవారు, నేను ఆయనకు బొమ్మ చెప్పేవాణ్ణి. ఇద్దరం కలిస్తే ఒక ప్రేక్షకుడు.

కుంతి కర్ణుడి దగ్గరికి వచ్చిన ఘట్టం మళ్ళీ వచ్చింది. ఈసారి ఆయన తెలుగు చెప్పడం ఆపలేదు. కుంతి మాటలు కూడా ఒక్కటీ తగ్గించకుండా, పూర్తిగా చెప్పారు. అయిపోయాక, "ఏడుస్తోందా?" అని అడిగారు. "ఏడుస్తోందండీ" అన్నాను. "ఊఁ" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

తరవాత కొన్నాళ్ళకు, ముప్పై ఏళ్ళ కిందట ఆయన నూతి దగ్గర నిలబడి విన్న భాగం వచ్చింది. "చెప్పు, చెప్పు, ఎల్లా వున్నాడు?" అన్నారు. రథచక్రం చెప్పాను. కింద పడిన విల్లు చెప్పాను. "మొహమ్మీద వెలుగుంది మాస్టారూ, సూర్యుడు దిగివచ్చినట్టుంది" అన్నాను.

తెరమీద అంత వెలుగేమీ లేదు. ఒకప్పుడు కర్ణుడు అనని మాటలు ఆయన మాకు చెప్పారు. లేని వెలుగు నేను ఆయనకు చెప్పాను. బాకీ తీరిందని అనను. కొంత తీరింది.

అవతల కాస్సేపు నిశ్శబ్దం. తరవాత, "ఇంతకీ ఒప్పుకుంటావా?" అన్నారు.

"ఒప్పుకోనండీ."

"మొండి ఘటానివి" అని నవ్వి ఫోన్ పెట్టేశారు.

2022లో మాస్టారు పోయారు. ఆ పేము కుర్చీ మా ఇంట్లో కిటికీ పక్కనే వుంది. రెండుసార్లు అల్లించాను.

ఇదంతా విని మనవరాలు కొంచెంసేపు కాలి బొటనవేలితో నేల రాసింది. "అయితే తాతయ్యా, కర్ణుడు మంచివాడా, కాదా?" అంది.

"నా లెక్కలో కాదు. మాస్టారి లెక్కలో అవును."

"రెండూ ఎల్లా నిజమవుతాయి?"

"అది నాకూ తెలియదు. కాని ఆ పిల్ల ఆ కథానాయికను కాపురానికి వెళ్ళమని ఎందుకంటోందో నువ్వెప్పుడైనా అడిగావా?"

అడగలేదని తల అడ్డంగా వూపింది. మళ్ళీ తనే, నెమ్మదిగా, "వాళ్ళ నాన్న రెండేళ్ళనుంచి ఇంటికి రావడం లేదు తాతయ్యా" అంది.

ఇద్దరం మాట్లాడలేదు. కాస్సేపటికి లేచి చెప్పులు వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నేను మాత్రం ఆవిడ వెళ్ళకూడదనే అంటాను సుమా" అంది.

"అను. ఎవరొద్దన్నారు? ముందు ఆ పిల్ల మాట పూర్తిగా విని, తరవాత అను."

వంటింట్లోంచి మా ఆవిడ ఏమీ అనలేదు. ఈ పూటకు నా తీర్పు నిలిచినట్టే లెక్క.